మంచు మన సెలవులు చూసి పడదు

రెండేళ్ల కిందట నేను చేసిన పొరపాటుతో మొదలుపెడతాను. మనవాళ్లలో చాలామంది అదే చేయబోతూ నాకు ఫోన్ చేస్తున్నారు కాబట్టి. న్యూజెర్సీలో ఉండే మా మేనల్లుడికి డిసెంబర్ ఆఖరి వారం ఆఫీసు ఉండదు. నాకూ ఆ వారమే లీవు దొరికింది. కూకట్‌పల్లిలో ఇంట్లో కూర్చుని ఆగస్టులోనే విమానం టికెట్లు, గది, స్నోమొబైళ్ల (మంచు మీద నడిపే ఇంజన్ బండ్ల) అద్దె అన్నీ కట్టేశాను. తీరా న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన ఉన్న ఆ కొండ ఊరికి చేరేసరికి వాన. రోడ్డు పక్కన మంచు మురికిపట్టి కరిగిపోతోంది. సరస్సు ఒడ్డున మాత్రం పలచగా ఐసు పట్టింది, నడిమధ్యన నీళ్లు కదులుతున్నాయి. బండ్లన్నీ షెడ్డులో టార్పాలిన్ల కింద వరసగా ఉన్నాయి. మేనల్లుడి ఏడేళ్ల కూతురు హెల్మెట్ పెట్టుకునే కారు దిగి, ఆ నీళ్లవైపు చూస్తూ నిలబడిపోయింది. కట్టిన డబ్బులో సగం వెనక్కి వచ్చింది.

ఆ తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాం. ఆ రెండు ప్రయాణాల మధ్య నేను చదివినదీ, అక్కడివాళ్లని అడిగి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. న్యూయార్క్ అనగానే మనకి ఆకాశహర్మ్యాలు గుర్తొస్తాయి. ఆ రాష్ట్రంలోనే ఉత్తరాన అడిరాండాక్ కొండలున్నాయి. 1892లో ఆ ప్రాంతాన్ని పార్కుగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 60 లక్షల ఎకరాలు, అంటే తెలంగాణలో అయిదో వంతు కంటే కాస్త ఎక్కువే. అడవి, కొండలు, వేల సంఖ్యలో సరస్సులు, మధ్యమధ్యలో చిన్న చిన్న ఊళ్లు. వాటిలో స్నోమొబైల్‌కి పేరుమోసింది ఓల్డ్ ఫోర్జ్. మేం వెళ్లింది అక్కడికే. సముద్రమట్టం నుంచి దాని ఎత్తు ఇంచుమించు మన హైదరాబాద్ ఎత్తే, అయిదు వందల మీటర్ల పైచిలుకు. కాబట్టి లద్దాఖ్‌లోలా ఊపిరి అందదన్న భయం అక్కర్లేదు. చలి మాత్రం వేరే లోకం. మన నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. ఓల్డ్ ఫోర్జ్‌లో 1979 ఫిబ్రవరి 18న మైనస్ 47 దాకా పడిపోయింది.

ఇక అసలు చిక్కు మన మాటలోనే ఉంది. తెల్లారి పొలం మీద కమ్ముకునేదీ మంచే, ఆకాశం నుంచి దూదిపింజల్లా పడేదీ మంచే, నీళ్లు గడ్డకడితే అదీ మంచే. తెలుగులో అన్నిటికీ ఒకటే మాట. స్నోమొబైల్ యాత్రకి ఈ తేడా ప్రాణంతో సమానం. అందుకే ఇక్కడ పైనుంచి పడేదాన్ని మంచు అనీ, సరస్సు మీద గడ్డకట్టిన దాన్ని ఐసు అనీ రాస్తాను. మంచు బాగా పడిందంటే దారులు తెరుచుకున్నట్టు. ఐసు బాగా పట్టిందంటే సరస్సు తెరుచుకున్నట్టు. ఈ రెండూ ఒకేసారి జరగాలని రూలేం లేదు. చాలాసార్లు ఒకటి రెండోదానికి అడ్డుపడుతుంది కూడా.

మంచు ఎక్కడిది, ఎప్పుడు సరిపోతుంది

ఓల్డ్ ఫోర్జ్‌కి పడమర దిక్కున అంటారియో అనే మహా సరస్సు ఉంది. కొన్నిచోట్ల 244 మీటర్ల లోతు. అంత లోతు ఉండటం వల్ల చలికాలంలో అది పూర్తిగా గడ్డకట్టడం చాలా అరుదు. కెనడా వైపు నుంచి వచ్చే పొడి చలిగాలి ఆ వెచ్చటి నీళ్ల మీదుగా వస్తూ తేమ పీల్చుకుంటుంది. ఎదురుగా నేల ఎత్తు పెరగగానే ఆ తేమనంతా మంచుగా దించేస్తుంది. మొదట దెబ్బ టగ్ హిల్ అనే పీఠభూమికి తగులుతుంది. అక్కడ ఏడాదికి 200 అంగుళాలకు పైగా మంచు పడుతుంది, అంటే అయిదు మీటర్లు. ఆ వెనకే ఉన్న ఓల్డ్ ఫోర్జ్‌కి కూడా బాగానే వాటా వస్తుంది. అరేబియా సముద్రం తేమ పడమటి కనుమల మీద కురిసిపోయాక మనవైపు మిగిలిందే వస్తుంది కదా, లెక్క అదే. కొండల తూర్పు వైపున్న ఊళ్లకి ఈ వాటా తగ్గుతుంది. అందుకే అదే పార్కులో, అదే రోజున ఒక ఊళ్లో బండ్లు తిరుగుతుంటే ఇంకో ఊళ్లో పచ్చగడ్డి కనిపిస్తుంది. ఊరు ఎంచుకునేటప్పుడు ఫొటోలు చూసి మురిసిపోకుండా, ఆ ఊరు గాలికి ఏ వైపున ఉందో మ్యాపులో చూడండి.

మంచు పడినంత మాత్రాన దారి సిద్ధమైనట్టు కాదు. కొత్తగా పడిన మంచు పిండిలా ఉంటుంది. దాన్ని ట్రాక్టర్‌లాంటి పెద్ద యంత్రం వెనక చదును చేసే పలక కట్టి లాగుతూ నొక్కుకుంటూ పోతారు. దీన్నే గ్రూమింగ్ అంటారు. ఎక్కువగా రాత్రిపూటే చేస్తారు, ఎందుకంటే నొక్కిన మంచు గట్టిపడటానికి కొన్ని గంటలు చలిలో కదలకుండా ఉండాలి. పొద్దున తొమ్మిదింటికి ఆ దారి సిమెంటు రోడ్డులా నున్నగా ఉంటుంది. వందల బండ్లు తిరిగాక మధ్యాహ్నం మూడింటికి అదే దారి ఎగుడుదిగుడై నడుము విరగ్గొడుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు పొద్దుటి స్లాటే అడిగి తీసుకోవాలి. మాకు ఆ సలహా ఇచ్చినవాళ్లకి ఎంత రుణపడి ఉన్నామో సాయంత్రం తిరిగొస్తున్న జనం ముఖాలు చూశాక తెలిసింది.

మంచు పలచగా ఉంటే బండి కూడా పాడవుతుంది, ఇది నాకు బొత్తిగా తెలియని సంగతి. స్నోమొబైల్‌కి ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్ ఉంటాయి. ఇప్పటి బండ్లలో చాలావాటికి కారుకి ఉన్నట్టు రేడియేటర్, ఫ్యాను ఉండవు. ట్రాక్ తిరిగేటప్పుడు ఎగిరే మంచు పైనున్న గొట్టాలకి తగిలి ఇంజన్‌ని చల్లబరుస్తుంది. ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలకి కూడా ఆ మంచే తడి. గట్టి ఐసు మీదో, మంచు లేని రోడ్డు మీదో కాసేపు నడిపితే ఇంజన్ వేడెక్కిపోతుంది, పట్టీలు అరిగిపోతాయి. అద్దె బండి అయితే ఆ ఖర్చు మన డిపాజిట్‌లోంచే పోతుంది. కాబట్టి షాపువాళ్లు ఈరోజు బండి ఇవ్వం అంటే వాళ్లతో వాదించి లాభం లేదు.

ఈ దారులు ఎవరివి

ఈ దారుల కథ విన్నాక నాకు ఆ ప్రాంతం మీద గౌరవం పెరిగింది. అడిరాండాక్ పార్కులో దాదాపు సగం ప్రభుత్వ అడవి, మిగతాది ప్రైవేటు భూమి. ఆ ప్రభుత్వ అడవిని ఎప్పటికీ అడవిగానే ఉంచాలని 1894లో రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. చెట్టు కొట్టాలంటే మామూలు అధికారి సంతకం చాలదు. ఊరూరినీ కలుపుతూ వెడల్పాటి స్నోమొబైల్ దారులు వేయడానికి వేల చెట్లు కొట్టాలని ప్రభుత్వ శాఖ తలపెడితే, అది రాజ్యాంగ విరుద్ధమని 2021 మే నెలలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. అడవిలోనూ కొన్ని భాగాల్లోకి ఇంజన్ ఉన్న ఏ బండినీ రానివ్వరు. కొన్నిచోట్ల గుర్తుపెట్టిన దారిలో మాత్రమే స్నోమొబైళ్లకి అనుమతి. రాత్రి తొమ్మిదయితే నల్లమలలో మన్ననూర్ దగ్గర గేటు పడి శ్రీశైలం రోడ్డు ఆగిపోతుంది కదా, అడవికి అలాంటి మర్యాద అక్కడా ఉంది.

మిగిలిన దారులు చాలావరకు ప్రైవేటు భూముల మీదుగా వెళ్తాయి. రైతులో, కలప కంపెనీలో, ఇంటి యజమానులో డబ్బు తీసుకోకుండా చలికాలానికి దారి ఇస్తారు. స్థానిక స్నోమొబైల్ క్లబ్బుల సభ్యులు జీతం లేకుండా వచ్చి బోర్డులు పాతుతారు, పడిన చెట్లు తీస్తారు, వంతెనలు బాగుచేస్తారు. ఒక్కడు దారి తప్పి ఎవరి పొలంలోనో బండి తిప్పితే, ఆ యజమాని మరుసటి ఏడు దారి మూసేస్తాడు. అక్కడితో పాతిక మైళ్ల దారి రెండు ముక్కలైపోవచ్చు. డిసెంబర్‌లో వెళ్లొద్దనడానికి ఇంకో కారణం కూడా ఇక్కడే ఉంది. జింకల వేట సీజన్ ముగిసేదాకా చాలామంది యజమానులు తమ భూమిలోకి బండ్లని రానివ్వరు. ఆ తర్వాతే గేట్లు తీస్తారు.

సొంత బండి ఉన్నవాళ్లకి న్యూయార్క్ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్, బీమా రెండూ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ ఫీజు క్లబ్బు సభ్యులకి తక్కువ, కానివారికి ఎక్కువ. క్లబ్బులో చేరమని రాష్ట్రం ఆ రకంగా ప్రోత్సహిస్తోంది. ఓల్డ్ ఫోర్జ్ దారుల్లో తిరగడానికి అక్కడి స్థానిక పాలకమండలి పర్మిట్ విడిగా కావాలి. అద్దెకి తీసుకునేటప్పుడు పర్మిట్ అందులో కలిసి ఉందో లేదో ముందే అడగండి. హెల్మెట్ అందరికీ తప్పనిసరి. వేగం గంటకి 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్లు దాటకూడదు. కొత్తవాళ్లకి అందులో సగం కూడా ఎక్కువే.

సరస్సు మీద

మంచు, దారి, పర్మిట్ అన్నీ కుదిరినా సరస్సు విషయం మిగిలే ఉంటుంది. ఓల్డ్ ఫోర్జ్ నుంచి ఫుల్టన్ చెయిన్ అని ఎనిమిది సరస్సుల వరస మొదలవుతుంది. వాటికి పేర్లు కూడా మొదటి సరస్సు, రెండో సరస్సు, అలా ఎనిమిది దాకా. ఫొటోల్లో అందరికీ నచ్చేది ఇదే. విశాలమైన తెల్లటి మైదానం, చుట్టూ కొండలు. నేల మైదానమైతే బాగానే ఉండేది. కానీ అది నీళ్ల మీద పరిచిన మూత.

ఐసు బలం అర్థం కావాలంటే మన చెరకు రసం బండి దగ్గరికి వెళ్లండి. గోనెపట్టా కింద ఐసు దిమ్మ ఉంటుంది. అంచులు గాజులా తేటగా ఉంటాయి, మధ్యలో పాలలా తెల్లగా ఉంటుంది. అతను సుత్తితో కొట్టినప్పుడు చూడండి. తేటగా ఉన్న భాగం పెద్ద పలకలుగా విడిపోతుంది, తెల్లటి భాగం పొడిపొడిగా రాలుతుంది. ఆ తెలుపుకి కారణం లోపల చిక్కుకున్న గాలి బుడగలు. సరస్సు మీదా అంతే. గాలి లేని చలిరాత్రుల్లో నెమ్మదిగా పట్టిన ఐసు అద్దంలా ఉండి, కింద నీళ్లు నల్లగా కనిపిస్తాయి. అది గట్టిది. మంచు తడిసి గడ్డకట్టగా ఏర్పడిన తెల్ల ఐసు దాని బలంలో సగమే. మిన్నెసోటా రాష్ట్ర సహజ వనరుల శాఖ చెప్పే లెక్కలో తేట ఐసు మీద మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాల మందం, స్నోమొబైల్‌కి 5 నుంచి 7 అంగుళాలు ఉండాలి. తెల్ల ఐసు అయితే దానికి రెట్టింపు.

మంచు ఎక్కువ పడితే ఐసుకి మంచిదే అనుకుంటాం. నిజానికి అది ఐసుకి శత్రువు. మంచు దుప్పటిలా కప్పేస్తే పైనుండే చలి కిందికి దిగదు, ఐసు మందం పెరగదు. పైగా ఆ బరువుకి ఐసు కుంగి, పగుళ్లలోంచి నీళ్లు పైకొచ్చి మంచు కింద దాక్కుంటాయి. పైకి తెల్లగా, పొడిగా కనిపిస్తుంది. బండి వెళ్లగానే జావలాంటి బురదలో దిగబడుతుంది. దాన్నే అక్కడ స్లష్ అంటారు. బండి బరువు 200 నుంచి 300 కిలోలు. మోకాళ్ల లోతు చల్లటి నీళ్లలో దాన్ని లాగడం ఇద్దరి వల్ల కాదు.

ఇంకో సంగతి, ఒకే సరస్సు అన్నిచోట్లా ఒకే మందంలో గడ్డకట్టదు. నిలవ నీరు త్వరగా గడ్డకడుతుంది, పారే నీరు కట్టదు. వాగు వచ్చి కలిసే చోటు, నీరు బయటికి పోయే చోటు, అడుగున ఊట ఉన్న చోటు, వంతెన కింద, పడవల రేవు పక్కన ఐసు పలచగానే ఉంటుంది. ఫుల్టన్ చెయిన్‌లో ఒక సరస్సునీ ఇంకోదాన్నీ కలిపే ఇరుకు కాలువల్లో నీరు చలికాలమంతా కదులుతూనే ఉంటుంది. రెండు గట్టి సరస్సుల మధ్య ఆ చిన్న ముక్కే ప్రాణాంతకం. ఆనకట్ట ఉన్నచోట నీటిమట్టం తగ్గితే ఐసు కింద ఖాళీ ఏర్పడి, ఆధారం లేకుండా వేలాడుతుంది.

రెండో ప్రయాణంలో పొద్దున్నే ఒడ్డున ఒక పెద్దాయన్ని చూశాం. చేపలు పట్టడానికి వచ్చినవాడు. చేతితో తిప్పే బర్మాలాంటి పరికరంతో ఐసులో రంధ్రం వేస్తున్నాడు. తెల్లటి రజను చుట్టూ గుట్టగా పడుతోంది. ఒక్కసారిగా నీళ్లు బుడబుడమని పైకి వచ్చాయి. అప్పుడు చివర కొక్కెం ఉన్న కొలబద్ద లోపలికి దించి, కొక్కేన్ని ఐసు అడుగుభాగానికి తగిలించి, పైన అంకె చూసుకున్నాడు. పదకొండు. యాభై అడుగులు నడిచి మళ్లీ రంధ్రం వేశాడు. అక్కడ పదిన్నర. ఆ సరస్సు ఒడ్డునే పుట్టిపెరిగాడట, అయినా ప్రతిరోజూ కొలుస్తాడట. మేం ఎటు వెళ్లొచ్చని అడిగితే, కొమ్మలు పాతి గుర్తుపెట్టిన దారి చూపించి, వంతెనవైపు మాత్రం పోవద్దన్నాడు. మా మేనల్లుడు నా చెవిలో, "మామయ్యా, మనం ఈ ఒడ్డు దారికే పరిమితమవుదాం, పాప ఉంది కదా" అన్నాడు. నాకూ అదే సరైందనిపించింది.

ఒకవేళ ఐసు పగిలి నీళ్లలో పడితే ఏం చేయాలో గైడ్ ముందే చెప్తారు. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చల్లటి నీళ్ల మీద పరిశోధన చేసి ఒక సులువైన లెక్క చెప్పారు, ఒకటి, పది, ఒకటి. మొదటి ఒక్క నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది, కంగారుపడకుండా దాన్ని నిలబెట్టుకోవాలి. తర్వాతి పది నిమిషాలే చేతులు, కాళ్లు చెప్పినట్టు వింటాయి, ఆలోపే బయటపడాలి. స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట పడుతుంది. అంటే పడగానే అంతా అయిపోయినట్టు కాదు. వచ్చిన దిక్కుకే తిరగాలి, ఎందుకంటే అటు ఐసు మనల్ని మోసిందని తెలుసు. ముందే మెడలో వేసుకోవాల్సిన, మేకులున్న పిడులతో ఐసుని పొడిచి పట్టుకుని, కాళ్లతో ఈతలా తన్నుతూ పొట్ట మీద పాకాలి. బయటికొచ్చాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ దూరంగా పోవాలి. అద్దెకిచ్చే దుస్తుల్లో నీళ్లలో తేలే రకం కూడా ఉంటుంది, అడిగి తీసుకోండి.

చలి, బట్టలు, జేబులో ఉండాల్సినవి

ఇందిరా పార్క్ దగ్గరున్న స్నో వరల్డ్‌లో మైనస్ అయిదులో గంటసేపు ఆడుకున్నాం, మాకు అలవాటే అని ఒకాయన నాతో అన్నారు. అక్కడ గాలి వీచదు, బయటికొస్తే వెచ్చటి హైదరాబాద్. స్నోమొబైల్ మీద గాలిని మనమే పుట్టించుకుంటాం. బయట మైనస్ 18 ఉండి, గాలి అసలు లేకపోయినా, 48 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి తగిలేది మైనస్ 32తో సమానం. ముఖం మీద చర్మం తెరిచి ఉంటే అరగంటలో గడ్డకట్టి చచ్చుబడిపోవచ్చు.

ఒంటికి ఆనుకుని నూలు బట్ట వేసుకోకూడదు. మన బనియన్లు, జీన్సు చెమటని పీల్చి తడిగా ఉంచుతాయి, ఆ తడే చలిని లోపలికి తెస్తుంది. లోపల ఉన్ని లేదా థర్మల్, దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి నూగు జాకెట్, పైన గాలి దూరని సూటు. పైసూటు, బూట్లు, హెల్మెట్ అద్దెకి దొరుకుతాయి. లోపలివి మాత్రం ఇక్కడినుంచే తీసుకెళ్లడం మేలు. రెండు జతల సాక్సులు ఇరికించి వేసుకుంటే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి, ఒక్క మందపాటి జత చాలు. కళ్లజోడు ఉన్నవాళ్లకి హెల్మెట్ లోపల అద్దాలు మసకబారడం పెద్ద బాధ. వేడెక్కే అద్దం ఉన్న హెల్మెట్ ఉందేమో అడగండి. నేను అడగకపోయుంటే సగం దారి గుడ్డిగానే నడిపేవాణ్ణి.

షుగరు ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు, కరిగించి వాడకూడదు. దాన్ని బండి పెట్టెలో పెట్టకుండా లోపలి జేబులో ఒంటికి ఆనేలా ఉంచుకోండి. ఫోన్ కూడా అక్కడే, చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. అడిరాండాక్ అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి, కాగితం మ్యాపు కూడా ఉండాలి. గుండెజబ్బు, బీపీ ఉన్న పెద్దలు డాక్టరుని అడగకుండా బయల్దేరవద్దు. తిండి విషయానికొస్తే పులిహోర ఆ చలిలో రాళ్లలా అయిపోతుంది. పల్లీపట్టీ, ఖర్జూరం బాగా ఆదుకున్నాయి. ఫ్లాస్కులో మా మేనల్లుడి భార్య పోసిచ్చిన మిరియాల చారు తాగుతుంటే ముఖం మీద ఆవిరి తగిలి ప్రాణం లేచొచ్చింది.

నడపడం గురించి కొంచెం. కుడి బొటనవేలితో నొక్కే మీట యాక్సిలరేటర్, ఎడమ చేతిలో బ్రేకు. గేర్లు మార్చే పని లేదు. అందుకే సులువనిపిస్తుంది, ఆ సులువే మోసం చేస్తుంది. మలుపులో స్కూటర్‌లా తిరగదు, ఒళ్లు మలుపు వైపు వాల్చాలి. ఐసు మీద బ్రేకు వేస్తే ట్రాక్ ఆగుతుంది గానీ బండి జారుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపే తాడుని సూటుకి తగిలించుకుంటే, మనం పడగానే బండి ఆగిపోతుంది. దారిలో కుడిపక్కనే నడపాలి, మనకి తిరగబడిన అలవాటు. ఎదురుగా వచ్చేవాళ్లు వెనక ఇంకా ఎన్ని బండ్లున్నాయో వేళ్లతో చూపిస్తారు, ఆఖరివాడు పిడికిలి చూపిస్తాడు. మొదటిసారికి గైడ్‌తో సగం పూట చాలు. పిల్లల్ని వెనక కూర్చోబెడితే వాళ్ల పాదాలు కాలిపలకలకి అందాలి, లేదంటే ఎక్కించవద్దు. జనవరిలో అక్కడ అయిదింటికి అటూఇటూగానే పొద్దు గూకుతుంది, నాలుగింటికల్లా ఊరు చేరేలా చూసుకోండి. మందు తాగి నడపడం వల్ల ఈ దారుల్లో పోతున్న ప్రాణాలు చాలా ఎక్కువ. ఆ ఒక్క విషయంలో మొహమాటం పెట్టుకోకండి.

అసలు ఈ బండి ఎందుకు పుట్టిందో తెలిసినప్పటినుంచి దాన్ని ఆటవస్తువులా చూడలేకపోతున్నాను. 1934 చలికాలంలో కెనడాలోని క్యుబెక్‌లో జోసెఫ్ ఆర్మండ్ బాంబార్డియర్ అనే మెకానిక్ రెండేళ్ల కొడుకు కడుపులో ఇన్ఫెక్షన్‌తో చనిపోయాడు. రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయి పిల్లాణ్ణి ఆసుపత్రికి చేర్చలేకపోయారు. ఆయన అప్పటికే మంచు మీద నడిచే బండ్ల కోసం ప్రయత్నిస్తున్నాడు. తర్వాత డాక్టర్లనీ, బడిపిల్లల్నీ మోసే పెద్ద బండ్లు తయారుచేశాడు. ఇప్పుడు మనం అద్దెకి తీసుకునే చిన్న రకం, స్కీ డూ, ఆయన చేతుల మీదుగానే 1959లో వచ్చింది.

హైదరాబాద్ క్యాలెండర్‌తో ముడి

సాఫ్ట్‌వేర్ ఆఫీసులు మూసే డిసెంబర్ ఆఖరి వారం సరస్సులకి చాలా ఏళ్లలో తొందరే. సంక్రాంతి సెలవులు కొంత నయం. కానీ ఇంచుమించు ఆ రోజుల్లోనే, జనవరి మూడో సోమవారం, అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ సెలవు వస్తుంది. బండ్లు, గదులు దొరకవు. ఫిబ్రవరి మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే, ఆ వారాంతమూ అంతే. ఈ రెండిటి మధ్యనున్న రోజులు, అందులోనూ మంగళవారం నుంచి గురువారం దాకా, మంచుకీ రద్దీకీ చక్కటి రాజీ. మార్చి వచ్చిందంటే ఎండ ఐసుని లోపలినుంచి తినేస్తుంది. మందం అంతే ఉన్నా బలం ఉండదు.

వీసా సంగతి మంచు కంటే ముందు తేల్చుకోవాలి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి పట్టే కాలం మన చేతిలో ఉండదు. వీసా వచ్చాకే టికెట్ కొనండి. న్యూజెర్సీ నుంచి ఓల్డ్ ఫోర్జ్‌కి కారులో అయిదు గంటల పైచిలుకు, మంచు పడుతుంటే ఏడైనా పట్టవచ్చు. ఆఖరి యాభై మైళ్లు, యూటికా నగరం దాటాక, కొండ రోడ్డు. ప్రయాణ బీమా కాగితాన్ని భూతద్దం పెట్టి చదవండి. చాలా పాలసీల్లో ఇంజన్ ఉన్న సాహస క్రీడలు కవర్ కావని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ ఎముక విరిగితే ఆసుపత్రి బిల్లు మన యాత్ర ఖర్చు మొత్తాన్నీ దాటిపోతుంది. స్నోమొబైల్ అనే పేరుతో ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

అంత దూరం, అంత ఖర్చు వద్దనుకునేవాళ్లకి కశ్మీర్‌లో గుల్‌మార్గ్ ఉంది. కానీ అది వేరే రకం అనుభవం. ఎత్తు సుమారు 2,650 మీటర్లు, కాబట్టి మొదటిరోజు మెల్లగా తిరగాలి. అక్కడ మైదానంలో, కొండవాలులో కాసేపు తిప్పి తెస్తారు. ఎక్కువగా స్థానిక డ్రైవరే నడుపుతాడు, మనం వెనక కూర్చుంటాం. ఊరి నుంచి ఊరికి వెళ్లే దారుల వ్యవస్థ లేదు. చిల్లై కలాన్ అని వాళ్లు పిలిచే నలభై రోజులు డిసెంబర్ 21న మొదలవుతాయి. ఆ రోజుల్లో కూడా మంచు గ్యారంటీ కాదు, 2024 జనవరిలో గుల్‌మార్గ్ చాలా రోజులు గోధుమరంగు నేలతో ఉండిపోయింది. గుల్‌మార్గ్ కిందనున్న టాంగ్‌మార్గ్ నుంచి పైకి చక్రాలకి గొలుసులు ఉన్న బండి కావాలి. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి. దాల్ సరస్సు మీద ఐసు కనిపించినా అడుగు పెట్టకండి, ఆ మందం మనిషిని మోసేది కాదు.

డబ్బు విషయంలో రెండోసారి మేం చేసింది ఇది. విమానం టికెట్ తేదీ మార్చుకునే రకం కొన్నాం. గది రెండు రోజుల ముందు దాకా రద్దు చేసుకునే షరతు మీద తీసుకున్నాం. బండ్లు నాలుగు రోజుల ముందు, క్లబ్బు పెట్టే దారుల సమాచారం, వారం వాతావరణం చూశాకే బుక్ చేశాం. మూడు రోజుల బసలో బండి నడపడానికి ఒక్కరోజే పెట్టుకుని, మిగతా రెండూ దానికి వెసులుబాటుగా వదిలేశాం. మొదటిరోజు గాలి ఎక్కువగా ఉందని గైడ్ వద్దన్నాడు. ఆ రోజంతా గదిలో పాపతో పేకముక్కలతో మేడలు కట్టాం. రెండోరోజు పొద్దున ఎనిమిదిన్నరకి ఫోన్ మోగింది, దారి గట్టిగా ఉంది రమ్మన్నారు. పాప అప్పటికే ఒక కాలికి బూటు వేసుకుని, రెండోదాని కోసం సోఫా కింద వెతుకుతోంది.